ఇరవై ఐదేళ్ళ గాదె

వానప్రస్థానికి మనువు చెప్పిన గుర్తులు మూడు. ఒళ్ళు ముడతలు పడాలి, తల నెరవాలి, బిడ్డకు బిడ్డ పుట్టాలి. నాకు నలభై తొమ్మిది. తల సంగతి రంగు డబ్బాకి తెలుసు. ముడతలు ఇంకా చలికాలంలోనే కనిపిస్తాయి. మా అమ్మాయి లోజాన్‌లో చదువుకుంటోంది, పెళ్ళి మాటెత్తితేనే ఫోను పెట్టేస్తుంది, ఇంక మనవలెక్కడ. మూడింట్లో ఒకటిన్నర కూడా కుదరకుండానే మా ఆయనా నేనూ ఉద్యోగాలు మానేయడానికి లెక్కలు కడుతున్నాం. అదీ ఊరెళ్ళిపోయి కాదు, జ్యూరిక్‌లోనే ఉండి.

ఊరొచ్చేయమనేవాళ్ళకి కొదవ లేదు. "ఆ డబ్బుతో తెనాల్లో రాణిలా బతకొచ్చు కదే" అంటుంది మా పిన్ని. బతకొచ్చు. కానీ ఇక్కడ సంపాదించి అక్కడ ఖర్చు పెట్టే ఆ ఉపాయం నాకెప్పుడూ రుచించలేదు. బయటి డబ్బు వచ్చిపడి అద్దెలు పెరిగిన వీధిలో, ఆ వీధిలోనే పుట్టినవాళ్ళు ఎటు పోవాలి? పైగా ఈ ఊరివాళ్ళతో మెట్ల మీద నిలబడి కబుర్లాడేంత జర్మన్ ఇన్నాళ్ళకి వంటబట్టింది, ఆ కబుర్లకి తీరిక దొరికే వేళకి మూటాముల్లే సర్దుకోమంటే మనసొప్పదు. అక్కడో కాలు ఇక్కడో కాలు పెడదామా అంటే మాది ఇంకా సి పర్మిటే, పౌరసత్వం కాదు, నివాసానుమతి. ఏమీ చెప్పకుండా ఆరు నెలలు దాటి బయట ఉంటే అది పోతుంది.

నేను ఆక్చ్యురీని. బీమా కంపెనీలకు బీమా చేసే కంపెనీలో పని. ఏ వయసువాళ్ళు ఏటా ఎంతమంది పోతారో పట్టికలు కట్టి, దాన్నిబట్టి ఎంత సొమ్ము పక్కన పెట్టాలో చెప్పడం నా చాకిరీ. ఊళ్ళో దీన్ని "చావుల లెక్క" అంటారు, నేనేమీ అనుకోను. అందుకే ముందస్తు రిటైర్మెంట్ ఎక్సెల్ షీటు మా ఆయన తయారుచేసి చూపించినప్పుడు మొదట వృత్తి కళ్ళద్దాలతోనే చూశాను. వేరే ప్రశ్నలు తరవాత మొదలయ్యాయి.

మా ఇద్దరికీ నెలకు 7,000 ఫ్రాంకులు అవుతోంది. ఇది దుబారా సంసారం కాదు. నీళ్ళ సీసా కొనం, ఎందుకంటే ఈ ఊళ్ళో పన్నెండు వందల పైచిలుకు వీధి ఫౌంటెన్లున్నాయి, దాదాపు అన్నిట్లోనూ తాగే నీళ్ళే. ఎండాకాలం ఈతకి ఓబరర్ లెట్టెన్‌కి పోతాం, లిమ్మట్ నదిలో దూకడానికి టికెట్టు లేదు. కుర్చీలూ బల్లా బ్రోకెన్‌హౌస్‌లో కొన్నవే, ఇంకొకరి ఇంట్లో ముప్ఫై ఏళ్ళు బతికి మా ఇంటికొచ్చినవి. సోనా మసూరి బస్తా మాత్రం లాంగ్‌స్ట్రాసె దగ్గర ఇండియన్ కొట్టులోనే, అక్కడ బేరం లేదు. అద్దె 2,350. ఆరోగ్య బీమా ఇద్దరికీ కలిపి 790. అది కూడా ఏడాదికి మొదటి 2,500 మన చేతి నుంచే పెట్టుకునే ఫ్రాంచైజ్ మీద. 1996 నుంచి ఇక్కడ ఆరోగ్య బీమా అందరికీ తప్పనిసరి, ప్రీమియం జీతాన్నిబట్టి కాదు, తలకింత. బ్యాంకు డైరెక్టరుకీ ఆయన ఆఫీసు ఊడ్చే మనిషికీ ఒకటే రేటు, మరీ తక్కువ ఆదాయమైతే సర్కారు కొంత సాయం చేస్తుంది. ఈ ఒక్క విషయంలో మా ఊరి ఆరోగ్యశ్రీ నాకు ఎక్కువ ధర్మంగా కనిపిస్తుంది.

నెలకు 7,000 అంటే ఏడాదికి 84,000. దాన్ని ఇరవై ఐదుతో గుణిస్తే 21 లక్షల ఫ్రాంకులు. షీటు అడుగున పసుపు రంగు గడిలో ఉన్నది అదే. ఇరవై ఐదే ఎందుకు? 1994లో విలియం బెంగెన్ అనే అమెరికన్ ఆర్థిక సలహాదారు పాత మార్కెట్ లెక్కలన్నీ తిరగేసి, సొమ్ములో మొదటి ఏడు నాలుగు శాతం తీసుకుని, ఆపైన ధరల పెరుగుదలను బట్టి పెంచుకుంటూ పోయినా ముప్ఫై ఏళ్ళు వస్తుందని తేల్చాడు. 1998లో ట్రినిటీ యూనివర్సిటీ ప్రొఫెసర్లు ముగ్గురు దాదాపు అదే మాట అన్నారు. అది అమెరికా మార్కెట్టు, అరవై ఐదేళ్ళకి మానేసేవాళ్ళ లెక్క. నలభై తొమ్మిదికి మానేసే ఆడమనిషి ఇంకో నలభై ఐదేళ్ళు బతికితే నా పట్టికలు ఏమీ ఆశ్చర్యపోవు. పైగా ఇక్కడ స్విస్ నేషనల్ బ్యాంకు 2025 జూన్‌లో వడ్డీ రేటును సున్నాకి దించింది. కాబట్టి ఇరవై ఐదు చాలదు, ముప్ఫై కావాలన్నాను. 25 లక్షల 20 వేలు. మా ఆయన మొహం చూడాలి. రెండు శాతం ద్రవ్యోల్బణమైనా చాలు, గాదె కింద పందికొక్కులా కూర్చుని ముప్ఫై ఐదేళ్ళలో మన ఫ్రాంకు విలువ సగం తినేస్తుందని కూడా చెప్పాను. ఆ రాత్రి అన్నం దగ్గర మాటల్లేవు.

గాదె అనగానే నాకు మనువు మళ్ళీ గుర్తొచ్చాడు. గృహస్థు ఎంత దాచుకోవచ్చో మనుస్మృతి నాలుగో అధ్యాయంలో ఉంది. గాదె నిండా ధాన్యం ఉన్నవాడు ఒకడు, కుండ నిండా ఉన్నవాడు ఒకడు, మూడు రోజుల తిండి ఉన్నవాడు ఒకడు, రేపటికి గింజ లేనివాడు ఒకడు. ఈ నలుగురిలో ముందువాడికంటే వెనకవాడు మేలు అంటుంది ఆ పుస్తకం. గాదె అంటే ఎన్నాళ్ళ తిండో వ్యాఖ్యాతలకే పడలేదు. మూడేళ్ళన్నవాళ్ళున్నారు, పన్నెండు రోజులన్నవాళ్ళూ ఉన్నారు. పదకొండో అధ్యాయంలో ఇంకో కొలత ఉంది. తనను నమ్ముకున్నవాళ్ళను మూడేళ్ళు, ఆపైన, పోషించగలిగినంత ధాన్యం ఉన్నవాడే సోమయాగానికి తగినవాడు. ఆరో అధ్యాయంలో, అడవికి వెళ్ళిపోయినవాడికి కూడా దాచుకునే వీలుంది. ఒక రోజుకి, నెలకి, ఆరు నెలలకి, మహా అయితే ఏడాదికి. అదైనా ఆశ్వయుజ మాసం రాగానే పాత నిల్వలూ చినిగిన బట్టలూ వదిలేయాలి.

మనువు మాట ఎత్తానని కోప్పడేవాళ్ళ కోపం న్యాయమే. 1927 డిసెంబరు 25న మహద్‌లో అంబేద్కర్ సమక్షంలో ఆ పుస్తకం తగలబడింది, తగలబడాల్సిందే అందులో ఎక్కువ. ఈ గాదెల లెక్క కూడా బ్రాహ్మణ గృహస్థు కోసం చెప్పింది. పండించే మా ముత్తాతలు ఎంత దాచుకోవచ్చో ఆయన పట్టించుకోలేదు గానీ పండిన దాంట్లో ఆరో వంతో ఎనిమిదో వంతో రాజుకి కొలవాలని మాత్రం మరిచిపోకుండా రాశాడు. అయినా ఒక మాట నన్ను వదల్లేదు. అన్నీ వదిలి అడవికి పోయినవాడికి పై హద్దు ఒక ఏడాది. యాగం చేసేంత కలిగినవాడికి అర్హత మూడేళ్ళు, అదీ పదిమందిని పోషిస్తూ. నాకూ మా ఆయనకీ, ఇద్దరికే, ముప్ఫై ఏళ్ళు కావాలి. ఇంతేసి నిల్వ అడిగే వైరాగ్యం ఏ శాస్త్రంలోనూ నాకు దొరకలేదు.

గాదె ఎలా ఉంటుందో మా అమ్మాయికి చెప్పాల్సి వచ్చింది, ఎప్పుడూ చూడలేదు. వెదురు బద్దలతో అల్లి, మట్టీ పేడా కలిపి మెత్తి, రాళ్ళ మీద నిలబెట్టేవాళ్ళు. మా అమ్మమ్మ ఇంట్లో దొడ్డివైపు వసారాలో ఉండేది, చిన్నప్పుడు నాకంటే రెండింతలు ఎత్తు. అడుగున చెయ్యి పట్టేంత కంత, దాంట్లో గోనెగుడ్డ కుక్కి ఉండేది. గుడ్డ లాగితే వడ్లు జరజరా తట్టలోకి జారేవి, ఆ చప్పుడు కోసం ఊరికే లాగి తన్నులు తిన్నాను. అసలు సంగతి అది నిండడంలో కాదు, నిండేముందు జరిగేదాంట్లో ఉంది. కళ్ళంలో కుప్ప నూర్చి తూర్పారబట్టాక, ఇంటికి బండి కట్టకముందే మేర కొలిచేవాళ్ళు. చాకలికి, మంగలికి, కమ్మరికి, వడ్రంగికి, ఇంకా ఎవరెవరికో. తాతయ్య కుంచంతో కొలుస్తూ పైకే లెక్కపెట్టేవాడు, అందరూ వినాలని. తరవాత మిగిలిందే గాదెకి. ఇది దానమని నేననను. ఏడాది పొడుగునా చేసిన చాకిరీకి అది జీతం, చాలాసార్లు చాలీచాలని జీతం, కులం గీసిన గీత దాటనివ్వని జీతం. కానీ వరస చూడండి. గాదె కడుపు ముందు కాదు, వెనక.

మా షీటులో వరస తలకిందులు. అద్దె, బీమా, పన్ను, తిండి, ప్రయాణం, ఆపైన "అనుకోనివి" అని ఒక గడి. అందులో ఏముందో మౌసు పెట్టి చూస్తే కామెంటు వచ్చింది. పంటి క్యాప్, కళ్ళద్దాలు, అమ్మ ఆపరేషన్, మేనత్త మనవరాలి పెళ్ళి చదివింపు. మా అమ్మకి డెబ్భై ఆరు. ఆవిడ మోకాళ్ళు నాకు అనుకోనివి ఎలా అవుతాయి? పట్టికలు కట్టేదాన్ని నేనే. మా ఆయన మంచి మనిషి, తప్పు ఆయనది కాదు. ఆ షీటు తయారైన తీరే అది. అందులో మనం తప్ప మిగతా మనుషులంతా రిస్కే. దుకాణదారు ధర పెంచుతాడు, ప్రభుత్వం పన్ను పెంచుతుంది, అమ్మకి జబ్బు చేస్తుంది. అన్నిటికీ మందు ఒకటే, ఇంకా కొంచెం దాచు.

ఇక్కడే స్విస్ పింఛను నాకు అడ్డం తగిలింది. ఆహాఫౌ అంటారు, 1948లో మొదలైంది. ఈ నెల పనిచేసేవాళ్ళు కట్టింది ఈ నెల ముసలివాళ్ళకి పోతుంది. పెద్ద జీతగాడు జీతం మొత్తం మీద కడతాడు, హద్దు లేదు. పింఛనుకి మాత్రం హద్దుంది. 2025లో ఒంటి మనిషికి నెలకు 2,520, భార్యాభర్తలకి ఇద్దరికీ కలిపి 3,780. కోట్లు కట్టినవాడికీ అంతే. ఈ పథకానికి వెనక ఉన్న నిల్వ ఎంతో తెలుసా? మామూలుగా ఒక ఏడాది ఖర్చుకి తగ్గకుండా ఉంటే చాలని చట్టం. ఒక్క ఏడాది. వానప్రస్థుడి నిల్వకీ ఈ చట్టానికీ చుట్టరికం లేదు, యాదృచ్ఛికంగా కలిసిందే. దాన్ని పట్టుకుని మన ఋషులు ముందే చెప్పారని ఎవరైనా వాట్సాప్‌లో పెడితే నన్ను కలపొద్దు. కానీ దేశం దేశమంతా ఒక ఏడాది గింజలతో డెబ్భై ఏళ్ళకి పైగా ముసలివాళ్ళని పోషిస్తుంటే, ఇద్దరు మనుషులకి ముప్ఫై ఏళ్ళ గింజలు ఎందుకు కావాల్సొచ్చాయి?

జవాబు నా వృత్తిలోనే ఉంది. ఒంటరిగా దాచుకునేవాడికి తను ఎప్పుడు పోతాడో తెలియదు కాబట్టి తొంభై ఐదేళ్ళకి సరిపడా దాచాలి. పదివేలమంది కలిసి దాచుకుంటే సగటు ఆయుష్షుకి దాచితే చాలు. డెబ్భైలో పోయినవాడి వాటా తొంభై దాటినవాడి అన్నం అవుతుంది. ఎవరు ఎవరికి పెడుతున్నారో ఎవరికీ తెలియదు, పెట్టినవాడు చూడటానికి ఉండడు. మేము ఆఫీసులో దీన్ని పొడి పేరుతో పిలుస్తాం గానీ, సూత్రాల వెనక్కి వెళ్ళి చూస్తే ఇది శ్రాద్ధం తిరగేసినట్టు ఉంటుంది. పోయినవాళ్ళు ఉన్నవాళ్ళకి పెట్టే పిండం. ఇక్కడ ఉద్యోగుల పింఛనుకి, అంటే 1985 నుంచి ఉన్న రెండో స్తంభానికి, తప్పనిసరి భాగం మీద చట్టం ఇచ్చే మారకం 6.8 శాతం. లక్ష ఫ్రాంకులుంటే అరవై ఐదో ఏట నుంచి ఏడాదికి 6,800, ఎన్నేళ్ళు బతికితే అన్నేళ్ళు. బెంగెన్‌గారి ఒంటరి మనిషికి నాలుగు వేలే. 6.8 ఎక్కువని, పడుచువాళ్ళ సొమ్ము అందులోకి పోతోందని నేనూ ఒప్పుకుంటాను. 2024 సెప్టెంబరులో దాన్ని 6కి దించుదామంటే జనం ఓటు వేసి కాదన్నారు. ఆ తేడా తీసేసినా, కలిసి దాచుకున్నవాడు ఒంటరివాడికంటే ఎక్కువే తింటాడు.

యాభైకే మానేసేవాడు ఏం చేస్తున్నాడంటే, ఆ గుంపులోంచి బయటికి నడుస్తున్నాడు. మాటవరసకి కాదు, నిజంగానే. ఉద్యోగం వదిలితే రెండో స్తంభం సొమ్ము విడి ఖాతాలోకి పోతుంది, అక్కణ్ణుంచి మామూలుగా మొత్తంగా చేతికొస్తుంది తప్ప బతికినన్నాళ్ళూ వచ్చే నెలసరి పింఛనుగా రాదు. స్వేచ్ఛ కొనుక్కున్నానంటాడు వాడు. కొనుక్కున్నది నిజమే. దాంట్లో చాలా భాగం, ఇక మీదట ఏ మనిషినీ నమ్మక్కర్లేకుండా ఉండటానికి చెల్లించిన ధర. అదీ పూర్తిగా దొరకదు. మార్కెట్టు నాలుగు శాతం ఇస్తోందంటే ఎక్కడో ఎవరో పొద్దున్నే లేచి పనికి పోతున్నారు కాబట్టే. 21 లక్షల వాడు ఎవరి మీదా ఆధారపడలేదనుకుంటాడు. నాకైతే ఆయనంత మందిమీద ఆధారపడినవాడు కనిపించడు, కాకపోతే ఆ మందిలో ఒక్కరి మొహమూ ఆయనకి తెలియదు.

మా ఇంటి అద్దె సంగతే చూడండి. మేముండేది హౌసింగ్ కోఆపరేటివ్‌లో. లాభం వేసుకోరు, అయిన ఖర్చుకి తగ్గట్టే అద్దె. పక్క వీధిలో ఇలాంటి మూడున్నర గదుల ఫ్లాటు బయటి అద్దెకి 3,800 అడుగుతున్నారు. తేడా నెలకు 1,450. ఇరవై ఐదేళ్ళ సూత్రంతో గుణిస్తే 4 లక్షల 35 వేలు. మా గాదెలో అంత ఖాళీని నింపుతున్నది మేము దాచిన డబ్బు కాదు. ఎప్పుడో కలిసి స్థలం కొని, కలిసి కట్టుకుని, మాకు చోటిచ్చిన మనుషులు. 2011లో ఈ ఊరు ఓటు వేసి, 2050కల్లా అద్దె ఇళ్ళలో మూడో వంతు ఇలా లాభం లేనివే ఉండాలని నిర్ణయించుకుంది. మా ఆయన షీటులో మాత్రం ఇది "అద్దె తక్కువ" అని ఒక మంచి సంగతిగా ఉంది, అంతే. పైగా అమ్మాయి పూర్తిగా వెళ్ళిపోయిందని తేలితే చిన్న ఫ్లాటుకి మారమంటారు. మారాలి మరి.

భిక్ష సంగతి కూడా చెప్పాలి. మన దగ్గర వదిలేసినవాడికి ఒక దారి ఉండేది. త్యాగరాజు తిరువయ్యారు వీధుల్లో ఉంఛవృత్తి చేసి ఏ రోజుకారోజు బియ్యం తెచ్చుకున్నాడంటారు. ఆయన రిటైర్మెంట్ ప్లాను వీధి గుమ్మాల్లో ఉంది. జ్యూరిక్‌లో ఆ దారి ఐదు వందల ఏళ్ళ కిందే మూసేశారు. జ్వింగ్లీ సంస్కరణ రోజుల్లో, 1525 జనవరిలో, ఊరి కౌన్సిలు అడుక్కోవడం నిషేధించి, మఠాల ఆస్తులతో బీదలకి పెట్టే ఏర్పాటు చేసింది. ప్రెడిగర్ మఠం దగ్గర పొద్దున్నే పెద్ద కాగుతో జావ పోసేవాళ్ళు. చెడ్డ ఏర్పాటు అనలేం. ఆకలి ఒకరి దయ మీద కాకుండా ఊరి లెక్కలోకి వచ్చింది. కానీ చెయ్యి చాచడం నేరం కూడా అయింది. జెనీవాలో ఒక బీద రోమా మహిళకి అడుక్కున్నందుకు 500 ఫ్రాంకుల జరిమానా వేసి, కట్టలేకపోతే ఐదు రోజులు జైల్లో పెట్టారు. అది మనిషి గౌరవానికే దెబ్బ అని యూరోపియన్ మానవ హక్కుల కోర్టు 2021 జనవరిలో స్విట్జర్లాండ్‌ని తప్పుపట్టింది. చెయ్యి చాచడానికి వీల్లేని చోట అందరూ గాదెలు కట్టుకోవడం వింత కాదు.

ఇంతా చెప్పి, దాచుకోవడమే తప్పని తేల్చేస్తే మా పెద్దమ్మ నన్ను క్షమించదు. ఇరవై ఆరేళ్ళకి భర్త పోతే పుట్టింటికొచ్చి అన్నదమ్ముల పంచన బతికింది. ఊరి నమ్మకం, ఉమ్మడి కుటుంబం, ఒకరికొకరు, ఇవన్నీ ఆవిడకి దొరికాయి. ఎలా దొరికాయంటే, కాఫీలో పంచదార ఇంకో చెంచా వేసుకోవడానికి వదినల మొహం చూడాలి. తలనొప్పి మాత్రకి డబ్బులు అడగలేక తలకి తడిగుడ్డ కట్టుకునేది. నాకు మొదటి జీతం వచ్చినప్పుడు "బ్యాంకులో నీ పేరుతోనే వేసుకో, ఇంకెవరి పేరూ కలపకు" అంది. ఎంతటి వేదాంతమైనా ఆ మాట ముందు కాస్త ఆగాలి. గాదె లేని ఆడదాని నిస్సంగ్రహం వైరాగ్యం కాదు, దిక్కులేనితనం. మనువు నలుగురిలో చివరివాణ్ణి మెచ్చుకున్నాడే, వాడి భార్య ఆ రాత్రి పొయ్యి దగ్గర ఏమనుకుందో ఏ వ్యాఖ్యాతా రాయలేదు.

కాబట్టి నా ప్రశ్న గాదె ఉండాలా వద్దా అన్నది కాదు. మూడేళ్ళదా, ముప్ఫై ఏళ్ళదా అన్నది. మొదటిది మనిషిని ఇంకొకరి మొహం చూసే బాధ నుంచి కాపాడుతుంది. రెండోది ఇంకొకరి మొహమే చూడక్కర్లేకుండా చేస్తుంది. ఈ రెండింటి మధ్య ఎక్కడో గీత ఉంది, అది ఎక్కడో లెక్కతో తేలదు.

కింది వాటాలో ఎనభై దాటిన ఆవిడ ఉంటుంది. బట్టలుతుక్కునే గది వంతు మాకు బుధవారం, ఆవిడకి గురువారం. ఉతుకు అయ్యాక డ్రయ్యరు జల్లెడలో నూలుపోగు మిగిల్చామా అని వేలితో తడిమి చూస్తుంది, మిగిలితే మర్నాడు చెబుతుంది. దర్జీపని చేసి రిటైరైంది, ఆహాఫౌ మీదా చిన్న పింఛను మీదా బతుకుతుంది. మేము మానేద్దామనుకుంటున్నామని చెబితే సంతోషించలేదు, వద్దనీ అనలేదు. "లూకా సువార్తలో ఒకడు కొట్లు పడగొట్టి ఇంకా పెద్దవి కట్టిస్తాడు కదా" అంది. గుంటూరు జిల్లా మిషన్ స్కూల్లో చదువుకున్నదాన్ని, నాకూ తెలుసు. పంట ఎక్కువ పండిన ఆసామి, ఇంక ఏళ్ళ తరబడి తిని తాగి సుఖపడదామనుకున్న రాత్రే పోతాడు. చచ్చిపోతాం కాబట్టి దాచొద్దనా మీరనేది, అదైతే నా ఉద్యోగం రోజూ చెబుతుంది, అన్నాను. ఆవిడ బుట్టలోంచి దుప్పటి తీస్తూ, "చావడం కాదు, వాడు ఆ కథ మొదటి నుంచి చివరిదాకా ఎవరితో మాట్లాడాడో చూడు" అంది. ఇంటికొచ్చి చూశాను. వాడు తనతోనే మాట్లాడుకున్నాడు. తన ప్రాణంతో. నా పంట, నా కొట్లు, నా ధాన్యం. ఆ ఊళ్ళో ఇంకో మనిషి ఉన్నట్టే లేదు. స్కూల్లో ఆ కథ ఎన్నిసార్లో విన్నాను, ఆ సంగతి ఎవరూ చెప్పలేదు.

తమాషా ఏమిటంటే, మానేసినవాణ్ణి కూడా ఈ దేశం పూర్తిగా వదిలిపెట్టదు. అరవై ఐదు నిండేలోపు పని చేయకుండా కూర్చుంటే, ఉన్న ఆస్తిని బట్టి ఆహాఫౌకి కడుతూనే ఉండాలి. 2025 లెక్కలో కనీసం ఏడాదికి 530, గరిష్ఠం 26,500. మా ఇద్దరికీ కలిపి నెలకు మూడు వందల పైచిలుకు పడుతుంది. మా ఆయనకి దాని మీద మంట. జీతమే లేనప్పుడు ఈ కట్టుబడి ఏమిటంటారు. నాకు మాత్రం షీటు మొత్తంలో ముచ్చటగా అనిపించిన గడి అదొక్కటే. నీకు గాదె ఉందా, అయితే కుంచం పట్టుకుని కళ్ళంలోకి రా, పని మానేశావు గానీ ఊళ్ళోంచి పోలేదు కదా అని అడిగినట్టుంది.

ఈ మధ్య మేము కుదుర్చుకున్నది ఇది. ఆయన యాభై ఐదుకి మానేస్తారు. నేను జనవరి నుంచి అరవై శాతం పనికి దిగుతున్నాను, వారానికి మూడు రోజులు. ఇక్కడ ఇది మామూలే, పెన్సుమ్, అంటే పని శాతం, ఎంతని జీతంతో పాటే అడుగుతారు. అరవై శాతమైనా ఉంటే రెండో స్తంభం గుంపులో ఉంటాను. మిగతా రెండు రోజులూ ఏం చేస్తావే అని అమ్మ అడిగితే, "నీతో ఫోన్లో మాట్లాడతా" అన్నాను. "రెండు రోజులా? నాకు సీరియల్ ఉంటుంది" అంది.

షీటులో అద్దెకంటే పైన, మొట్టమొదటి వరసలో, కొత్త గడి ఒకటి చేర్చి మేర అని పేరు పెట్టాను. అమ్మ మోకాళ్ళు "అనుకోనివి" నుంచి తీసి అక్కడికి తెచ్చాను. పెద్దమ్మ పోయింది గానీ అలాంటి వాళ్ళు ఊళ్ళో ఇంకా ఉన్నారు, వాళ్ళకీ కొంత రాశాను. ఎంత శాతం అన్నదగ్గర గొడవ మొదలైంది. ఆయన ఐదు అంటారు, నేను పది అంటాను. పదైతే నెలకు 700, ఇరవై ఐదుతో గుణిస్తే పసుపు గడి ఇంకో 2 లక్షల 10 వేలు పెరుగుతుంది, ఆయన యాభై ఏడు దాకా చేయాలి. అది ఆయనకీ తెలుసు, నాకూ తెలుసు. ఎనిమిది దగ్గర రాజీపడేలాగే ఉన్నాం. కాకపోతే మా మరిదికి ఏటా పంపేది మేర కింద రాయాలా, అప్పు కింద రాయాలా అన్నది ఇంకా తెగలేదు. అప్పు అని ఆయన, మేర అని నేను. మరిది మాత్రం దాన్ని వ్యాపారంలో పెట్టుబడి అంటున్నాడు.